అరవై గజాల గురి, ఆ రాత్రి వాన

డెన్వర్ శివారు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆయన వయసు 41. గుంటూరు జిల్లా నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వెళ్లి కొలరాడోలో స్థిరపడి ఆరేళ్లయింది. మూడేళ్ల కిందట ఆఫీసులో పనిచేసే అమెరికన్ మిత్రుడొకరు విలువిద్య మైదానానికి తీసుకువెళ్లారు. అప్పటి నుంచి ఆయనకు అది రెండో ఉద్యోగమైంది. నారి లాగడానికి 65 పౌండ్ల బలం కావలసిన, కప్పీలు అమర్చిన కాంపౌండ్ విల్లు, సెకనుకు 270 అడుగుల వేగంతో పోయే బాణం, 60 గజాల దూరంలో కాఫీ సాసరంత చోటులో ఆరు బాణాలు. ఈ సెప్టెంబరులో గైడు లేకుండా, ప్రభుత్వ అటవీ భూమిలో, ఏడు రోజులు ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పి వేటకు వెళ్లాలని సెలవు పెట్టుకున్నారు. తోడు రావలసిన మిత్రుడు మోకాలి నొప్పి అని తప్పుకున్నారు. ఒంటరిగానైనా సరే వెళ్లి తీరాలని ఈయన పట్టుదల.

ఇంట్లో పరిస్థితి వేరు. "ఏడు రాత్రులు నాకు నిద్ర ఉండదని తెలిసే వెళ్తున్నారా?" అని భార్య ఒకసారి అడిగి, ఆ తరువాత ఆ ప్రస్తావనే మానేశారు. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన తల్లి "ఫ్రిజ్ నిండా కూరలు పెట్టుకుని, అడవికి పోయి నోరులేని జీవాన్ని చంపడం ఏమి సరదా నాయనా?" అంటున్నారు. ఆదివారం కోడికూర వండేది కూడా ఆవిడే అని ఈయన కొంచెం ఉడుక్కుంటూ రాశారు. డల్లాస్‌లో ఉండే బావమరిది "నేను తోడొస్తాను బావా" అంటున్నాడు. కానీ అతను జన్మలో గుడారంలో పడుకోలేదు, విల్లు ముట్టుకోలేదు. మిగిలిన రెండున్నర పేజీలూ కొన్న సామగ్రి జాబితా. "ఇంకా పదకొండు వారాల గడువు ఉంది. నేను సిద్ధంగా ఉన్నట్టేనా? ఇంకా ఏమి కొనాలి? ఇంట్లోవాళ్లకు ఎలా నచ్చజెప్పాలి?" అన్నవి ఆయన ప్రశ్నలు.

సంతకం కింద మరో నాలుగు వాక్యాలున్నాయి. పోయిన సెప్టెంబరులో ఆ మిత్రుడితోనే మూడు రోజులు వెళ్లారట. శనివారం సాయంత్రం పైవాలులో నిలబడిన ఆడ ఎల్క్ మీద 52 గజాల దూరం నుంచి బాణం వదిలితే తగిలింది. ఇరవై నిమిషాలకే వెతకడం మొదలుపెట్టారు, వాన వచ్చింది, విరిగిన బాణం దొరికింది గాని జంతువు దొరకలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా చూసి, సోమవారం ఆఫీసు ఉంది కనుక వచ్చేశారు, "మిత్రుడు ఇంకో రోజు ఉందామన్నాడు."

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కింద నుంచి మొదలుపెట్టాను. సంతకం కింద రాసిన ఆ నాలుగు వాక్యాలే అసలు ఉత్తరమనీ, పైనున్న నాలుగు పేజీలు వాటి మీద కప్పిన దుప్పటి అనీ నాకు అనిపించింది. పొరపాటయితే మన్నించండి. సిద్ధంగా ఉన్నానా అని అడిగారు కదా. దానికి జవాబు మీరు కొన్న వస్తువుల్లో కన్నా ఆ శనివారం సాయంత్రంలో ఎక్కువ దొరుకుతుంది. అందుకని అక్కడే మొదలుపెడతాను.

ముందు నా సంగతి ఒక్క మాట. నేను విల్లు పట్టుకుని ఆ కొండల్లో తొమ్మిది సెప్టెంబరులు తిరిగాను. ఇంటికి మాంసం వచ్చింది రెండుసార్లే. విల్లుతో వెళ్లేవాళ్లలో ఎల్క్ దక్కేది దాదాపు పదిమందిలో ఒకరికి, కనుక నా లెక్క మరీ సిగ్గుపడవలసింది కాదు. ఆ ఏడు ఖాళీ సంవత్సరాల్లో ఒకటి మీ శనివారం లాంటిదే. కాబట్టి ఇది గట్టు మీద కూర్చుని చెబుతున్న మాట కాదు.

60 గజాలంటే 180 అడుగులు. మీ బాణానికి అది సెకనులో మూడింట రెండు వంతుల ప్రయాణం. వింటినారి చప్పుడు మాత్రం సెకనులో ఆరో వంతు గడవకముందే జంతువు చెవిన పడుతుంది. మిగిలిన అర సెకనులో అది ఒక్క అడుగు ముందుకు వేసిందా, ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి పొట్టలో దిగుతుంది. మీ తప్పేమీ లేకుండానే. 30 గజాల దగ్గర ఆ వ్యవధి సగానికి పడిపోతుంది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ కాంపౌండ్ విల్లుతోనే. అక్కడ లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది, అంటే దాదాపు 55 గజాలు. మీరు ఆ ఆడ ఎల్క్ మీద బాణం వదిలింది ఇంచుమించు అంత దూరం నుంచి. ఆమె లక్ష్యం చదును నేల మీద ఉంటుంది, అడుగు కదపదు, దూరం ముందే కొలిచి ఉంటుంది. గురి తప్పితే పాయింట్లు పోతాయి, అంతే.

విరిగిన బాణం మీద ఏమి ఉందో మీరు రాయలేదు. గులాబీ రంగులో నురగ కట్టిన నెత్తురయితే ఊపిరితిత్తులకు తగిలినట్టు. అరగంట ఆగి వెళ్తే చాలావరకు ఆ దగ్గరలోనే పడి ఉంటుంది. చిక్కగా, ముదురు ఎరుపులో ఉంటే కాలేయం. నాలుగైదు గంటలైనా ఆగాలి. పచ్చటి జిగురూ పేడ వాసనా ఉంటే పొట్ట. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆ ఛాయలకే పోకూడదు. ఆగకుండా వెంటపడితే, రెండు వందల గజాల్లో పడుకుని ప్రాణం విడవవలసిన జంతువు లేచి మైళ్లు పోతుంది. ఆగితే వాన జాడను కడిగేస్తుంది. ఆ సాయంత్రం మీ ముందున్న రెండు దారులూ చెడ్డవే. ఇరవై నిమిషాలకే కదిలినందుకు మిమ్మల్ని నేను తప్పుపట్టను. మబ్బు ఎప్పుడు పట్టిందో మాత్రం అడుగుతాను. నారి లాగకముందే పడమటి ఆకాశం నల్లబడి ఉంటే, వదలకుండా ఉండడానికి మీకు అప్పటికే మూడు కారణాలున్నాయి: దూరం, వాలు, వాన. ఆ మూడింటికీ తోడు, అది మీ సెలవులో ఆఖరి సాయంత్రం అన్న తొందర ఒకటి.

శబ్దవేధి నేర్చిన దశరథుడు చీకట్లో నీళ్ల చప్పుడు విని బాణం వేశాడు. గురి తప్పలేదు. మన పిల్లలకు చిన్నప్పటి నుంచీ చెప్పే కథే, అయినా అందులో విలుకాళ్లు భయపడవలసిన చోటు ఎక్కడుందో అడవిలో నిలబడితే గాని నాకు తెలియలేదు.

ఇక ఈ పదకొండు వారాలు. మీ సాధన మైదానానికి సరిపోతుంది, కొండకు చాలదు. ఆరు బాణాల గుంపు చూసుకుని మురవడం మానండి. రోజూ పొద్దున, చేతులు వేడెక్కకముందు, ఒకే ఒక్క బాణం వేయండి. ఎక్కడ తగిలిందో రాసుకోండి. ఒకరోజు 20 గజాలు, ఒకరోజు 35, మరోరోజు 45. నెల రోజుల తరువాత పుస్తకం తీసి చూడండి. ఏ దూరంలో ఆ తొలి బాణం ఒక్కసారి కూడా భోజనం పళ్లెం దాటిపోలేదో, అదే మీ దూరం. అది 35 గజాలే అని తేలితే నొచ్చుకోకండి. నాది 32.

మైదానంలో నిలబడి వేస్తున్నారు. కొండలో ఎక్కువసార్లు మోకాళ్ల మీద ఉంటారు, వీపున సంచి ఉంటుంది, కోటు చేయి నారికి అడ్డం తగులుతుంది, ఎక్కివచ్చిన ఆయాసం తగ్గదు. అలాగే సాధన చేయండి. కూర్చుని, విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా, నెమ్మదిగా 65 పౌండ్లు లాగగలరా? లేకపోతే 60కి దించండి. ఎల్క్‌కు అది చాలు. వాలులో గురిపెట్టేటప్పుడు నడుము దగ్గర వంగాలి గాని చేయి మాత్రం ఎత్తకూడదు. బాణానికి లెక్క కంటికి ఆనే ఏటవాలు దూరం కాదు, అడ్డంగా కొలిచే నేల దూరం. ఆగస్టు అంతా వేట ములికితోనే వేయండి, ఎందుకంటే సాధన ములికి పోయిన చోటికి అది పోదు. కొలరాడో నిబంధన ప్రకారం ఆ ములికికి కనీసం రెండు ఉక్కు అంచులుండాలి, వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకు తగ్గకూడదు. మీ జాబితాలోని ములుకులు అందుకు సరిపోతాయి.

ఇంకొకటి ఉంది, ఎవరూ చేయరు. వారానికి రెండు రోజులు నారిని పూర్తిగా లాగి, నిమిషం పాటు గురి మీద నిలిపి, బాణం వదలకుండా మెల్లగా దించండి. భుజాలు మండుతాయి. సెప్టెంబరులో మీరు ఎక్కువసార్లు చేయవలసిన పని ఇదే కనుక ఇప్పుడే అలవాటు చేసుకోవడం మంచిది.

ఒంటరిగా వెళ్లడం గురించి మీవాళ్లంతా ప్రమాదం కోణంలోనే మాట్లాడుతున్నారు. అది సరే, వేట కోణం కూడా చూడండి. కొలరాడోలో విల్లు వేటకాలం సెప్టెంబరు 2న మొదలై నెలాఖరు దాకా ఉంటుంది. అది వాటి ఎదకాలం. తెల్లవారుజామున మగ ఎల్క్ కూత విన్నారు కదా. బొంగురుగా మొదలై ఈలగా మారి, తుప్పుపట్టిన గేటులా కీచుమని ఆగుతుంది. ఇద్దరుంటే ఒకరు వెనక నలభై, యాభై గజాల్లో కూర్చుని ఆడ ఎల్క్ గొంతు అనుకరిస్తారు. మగది ఆ గొంతును వెతుక్కుంటూ, ముందు మాటు వేసిన విలుకాడి పక్కగా పోతుంది. పక్కటెముకలు కనిపిస్తాయి. ఒంటరిగా ఉంటే పిలిచేదీ మీరే, వేసేదీ మీరే. అది సరాసరి మీ కళ్లలోకి చూస్తూ వస్తుంది. ఎదురు రొమ్ము తప్ప ఏమీ కనిపించదు, మీరు చేయి కదిపితే చాలు ఉండదు. అందుకే ఒంటరివాడు పిలవడం తగ్గించి, నీటి గుంటలు, బురదలో అవి పొర్లే చోట్లు, పడుకునే దట్టమైన ఉత్తరపు వాలులు వెతికి, గాలి చూసుకుని మాటు వేయాలి. ఓపిక ఎక్కువ, సంబరం తక్కువ.

గాలి సంగతి మీ జాబితాలో వాసన చంపే సబ్బుగా మాత్రమే కనిపించింది. ఆ సబ్బు దుకాణం వాడికి మేలు చేసి ఉంటుంది. పొద్దున చల్లగాలి కొండ మీద నుంచి లోయలోకి జారుతుంది. ఎండ ఎక్కగానే తిరగబడి పైకి పాకుతుంది. సాయంత్రం మళ్లీ కిందికి. ఆ మలుపు తిరిగే గంటలో ఏ మాటూ నమ్మదగినది కాదు. చిన్న సీసాలో టాల్కం పొడి వేసుకుని పది నిమిషాలకోసారి చిమ్మి చూడండి. పొడి ఎటు పోతే మీ వాసన అటే.

జాబితాలో మూడు కామోఫ్లాజ్ జాకెట్లున్నాయి. మాంసం సంచి ఒక్కటీ లేదు. రెండున్నర పేజీలు బాణం వదిలే క్షణం దగ్గర ఆగిపోయాయి. వదిలాక ఏమిటి? పెద్ద మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, మన నల్లమల కణుజు కన్నా భారీ జంతువు. ఎముకలు తీసేసినా దాదాపు 200 పౌండ్ల మాంసం ఉంటుంది. మనిషి వీపు మీద 50 పౌండ్ల చొప్పున నాలుగు మోతలు. బండి మూడు మైళ్ల దూరంలో ఉంటే బరువుతో నాలుగుసార్లు దిగాలి, ఖాళీగా మూడుసార్లు ఎక్కాలి: 21 మైళ్లు. పదివేల అడుగుల ఎత్తున, సగం రాత్రిపూట, గుడారం మోత కాకుండా. సెప్టెంబరు మధ్యాహ్నాలు వెచ్చగా ఉంటాయి. తొడ ఎముక చుట్టూ ఉన్న మాంసం ముందు పాడవుతుంది. పొట్ట చీల్చకుండానే చర్మం ఒలిచి, కాళ్లు నాలుగూ, వెన్ను కండలూ విడదీసే పద్ధతి ఉంది. అది నేర్చుకోండి. గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి నీడలో వేలాడదీయండి, కళేబరానికి దూరంగా, ఎందుకంటే అక్కడ నల్ల ఎలుగులున్నాయి. రెండో మోతకు తిరిగి వెళ్లేటప్పుడు చప్పుడు చేసుకుంటూ వెళ్లండి. తినదగిన మాంసం వదిలేసి రావడం ఆ రాష్ట్రంలో నేరం. కొమ్ములు మాత్రం తీసుకుని కళేబరం వదిలేస్తే మరింత తీవ్రమైన నేరం. లైసెన్సుతో వచ్చే చీటీని (ట్యాగు) జంతువుకు కట్టడం, ఆడో మగో తెలిపే గుర్తు మాంసానికి అతుక్కుని ఉండేలా కోయడం మీరు శిక్షణ తరగతిలో నేర్చుకునే ఉంటారు, మరోసారి చదవండి. బండిలో రెండు పెద్ద ఐసు పెట్టెలు, వాటిలో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు. ఆ జాకెట్లలో రెండు వాపసు చేస్తే వీటికి డబ్బు వస్తుంది.

నెల మధ్యలో తొమ్మిది రోజులు మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే) తుపాకులవాళ్లు కూడా అవే కొండల్లో తిరుగుతారు. మాంసమో కొమ్ములో మోస్తూ నడిచేటప్పుడు వాటి మీద నారింజ రంగు గుడ్డ కట్టండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది మీరు అనుకున్నదే: ఒంటరిగా, ఏడు రోజులు, గుడారం వీపున వేసుకుని లోపలికి. చేసేవాళ్లున్నారు. మీరూ చేయగలరేమో. కానీ మూడు మైళ్ల లోపల మగ ఎల్క్ పడితే ఆ రాత్రి ఏమి చేస్తారో కాగితం మీద గంట గంటకూ రాయగలగాలి. రాయలేకపోతే మాంసం పాడవుతుంది, లేదా మీ మోకాలు పోతుంది, లేదా రెండూ. జూలైలో 50 పౌండ్ల బియ్యం సంచి కట్టుకుని కొండ దిగి చూడండి. ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తే, దిగడం తొడలను పరీక్షిస్తుంది. ఆ ప్రాంతంలో గుర్రాలతో మాంసం దించిపెట్టేవాళ్లు దొరుకుతారు. జూలైలోనే మాట్లాడుకుంటే మొదటి దారి ప్రాణం పోసుకుంటుంది, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

రెండోది, ఒంటరిగానే, కానీ బండి దగ్గరే బస. రోజూ తెల్లవారకముందు వెళ్లి రాత్రికి తిరిగిరావడం, బండి నుంచి మైలున్నర దాటకపోవడం. మోత 21 నుంచి పదిన్నర మైళ్లకు తగ్గుతుంది. రోడ్డుకు అంత దగ్గరలో వేటగాళ్లు ఎక్కువ, ఎల్క్‌లు తక్కువ, కనుక ఖాళీ చేతులతో తిరిగివచ్చే అవకాశం మరింత పెరుగుతుంది. ఇంట్లోవాళ్లకు రోజూ ఒక కబురు అందుతుంది. నా మొగ్గు ఇటువైపే, అయితే నేను యాభై దాటినవాడినన్నది గుర్తుంచుకుని ఈ మాట తూకం వేయండి.

మూడోది, మీరు నవ్వి పక్కన పెట్టిన బావమరిది. 2025 నుంచి బయటి రాష్ట్రాలవాళ్లు పశ్చిమ కొలరాడోలో లాటరీ లేకుండా విల్లు వేట లైసెన్సు కొనుక్కోవడానికి వీల్లేదు. మీరు ఆ రాష్ట్రవాసి కనుక మీకు ఇంకా ఆ వీలుంది, అతనికి లేదు. అది మీకు అనుకూలమే. అతను వేటాడడు. బస చూసుకుంటాడు, అన్నం వండుతాడు, బండి తాళం అతని దగ్గర ఉంటుంది, జంతువు పడితే సగం మోత అతనిది. గుడారంలో పడుకోకపోతే ఏమిటి, బండిలో పడుకుంటాడు. డల్లాస్ సముద్రమట్టానికి ఐదు వందల అడుగులు కూడా ఉండదు. నేరుగా తొమ్మిదివేల అడుగులకు తీసుకుపోతే తలనొప్పీ వాంతులతో మొదటి రెండు రోజులు మీరు అతనికి సేవ చేయవలసి వస్తుంది. మీ ఇంట్లో రెండు రాత్రులు ఉంచి తీసుకువెళ్లండి. ఆడ ఎల్క్ గొంతు పిలుపు అతనికి నేర్పాలనిపిస్తే, లైసెన్సు లేనివాడు పిలవవచ్చో లేదో రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోను చేసి ముందే అడగండి. ఈ దారిలో నష్టమల్లా మీ ఏకాంతం. ఏడు రోజులు మాట్లాడేవాడు పక్కన ఉంటాడు.

నాలుగోది ఈ సంవత్సరం విల్లు ఇంట్లో ఉంచి వెళ్లడం. అదే కొండ, అదే నెల, చేతిలో దుర్భిణి మాత్రం. గాలి, జాడ, కూత నేర్చుకుని రావడం. చెప్పడం తేలిక, సెలవు దొరికినవాడికి ఇది మింగుడుపడదని నాకు తెలుసు. ఆ శనివారం ఇంకా మీ కలలోకి వస్తూ ఉంటే మాత్రం ఈ దారిని కొట్టిపారేయకండి. దాన్ని మాపుకోవడానికి వెళ్తే, దూరంగా మరో జంతువు కనిపించినప్పుడు మీ చేయి మీ మాట వినదు.

మీ శ్రీమతి ఊరుకున్నారని రాశారు. ఒప్పుకున్నారని మీరు లెక్క వేసుకోలేదు కదా? ఆవిడ వెళ్లవద్దని అనలేదు. నిద్ర ఉండదన్నారు. దానికి జవాబు ధైర్యం చెప్పడం కాదు, సమాచారం. ఉపగ్రహం ద్వారా రెండు వైపులా సందేశాలు పంపే చిన్న పరికరం ఒకటి తీసుకోండి. ఒక కాగితం మీద బండి ఎక్కడ ఉంటుందో, ఏ లోయలో తిరుగుతారో, పొద్దునా రాత్రీ ఎన్ని గంటలకు కబురు పంపుతారో రాయండి. రాత్రి కబురు రాకపోతే మరునాడు ఎన్ని గంటలకు ఆవిడ ఎవరికి ఫోను చేయాలో కూడా రాయండి. కొలరాడోలో గాలింపు బాధ్యత ఆ కౌంటీ షెరీఫ్‌ది. మీ లైసెన్సు సొమ్ములో పాతిక సెంట్లు ఆ నిధికే పోతాయి. ఆ గడువు ఎన్ని గంటలన్నది మీరు కాదు, ఆవిడ నిర్ణయించాలి. విల్లు వేటలో మనిషిని కోసేది ఎక్కువగా అతని సొంత ములికే. అందుకని నెత్తురు ఆపే పట్టీ కట్టడం ఇద్దరూ నేర్చుకోండి. మధ్యాహ్నం పిడుగుల వేళకు చెట్లు లేని గుట్టల మీద ఉండనని కూడా ఆ కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఇంత చేసినా నిద్ర పట్టదంటే, ఏడు రోజులు నాలుగు చేయవచ్చు. ఆకాశమేమీ విరిగిపడదు.

అమ్మగారి మాటకు కోడికూర చూపించి నోరు మూయించాలని చూడకండి. మీరు గెలుస్తారు, ఆవిడ మనసు మారదు. ఆవిడ బతికిన దేశంలో 1972 నాటి చట్టం తరువాత వేట అంటే దొంగతనంగా చేసే పని. వేటగాడంటే కేసు పడినవాడు. ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సు అమ్ముతుందనీ, ఆ సొమ్ము వన్యప్రాణుల సంరక్షణకే పోతుందనీ, 1910 ప్రాంతంలో కొలరాడోలో వెయ్యికి పడిపోయిన ఎల్క్‌లు ఇప్పుడు రెండున్నర లక్షలు దాటాయనీ చెప్పండి. వింటారో లేదో. శ్రీకాళహస్తి వెళ్లివచ్చిన ఆవిడకు కన్నప్ప కథ మీరు చెప్పనక్కరలేదు, ఆవిడే మీకు చెప్పగలరు. ఆ వేటమాంసం దేవుడే పుచ్చుకున్నాడు. కానీ ఆవిడ అడిగింది వేట తప్పా ఒప్పా అని కాదు. "ఏమి సరదా?" అని అడిగారు. మాంసం తెచ్చి వండుకుతినడానికి వెళ్తున్నానని మీరు చెప్పవచ్చు. పోయినసారి తేలేదు కదా, ఆ జీవం ఏమయింది అని ఆవిడ అడిగితే? ఆ సంగతి ఇంట్లో చెప్పారో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పలేదని నా అనుమానం. చెప్పండి. బహుశా ఆవిడ తిడతారు. తిట్టనివ్వండి.

ఇక మీ మిత్రుడు. ఆయన మోకాలికి నిజంగానే నొప్పి ఉండవచ్చు. యాభై పౌండ్లు మోసే పనికి ఒప్పుకున్న ఎవరి మోకాలైనా నొస్తుంది. అయితే ఇంకో రోజు వెతుకుదామన్న మనిషిని కొండ మీద నుంచి దించి తెచ్చింది మీ సోమవారం ఆఫీసు. ఒకే బండిలో వచ్చి ఉంటారు, ఆయనకు మరో దారి లేకపోయింది. ఆ నాలుగు గంటల ప్రయాణంలో ఇద్దరూ ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు గాని, ఏమీ మాట్లాడుకోలేదేమో అనిపిస్తోంది. మీకు విల్లు పట్టడం నేర్పినవాడాయన. ఈ ఆదివారం ఫోను చేయండి. సెప్టెంబరు ఊసు ఎత్తకండి, మోకాలి సంగతి చివర అడగండి. "ఆ రోజు నువ్వు ఉందామన్నావు, నేను ఉండవలసింది" అన్న మాటతో మొదలుపెట్టండి. ఆ తరువాత ఆయన వస్తానన్నా రానన్నా, జూలైలో ఒక శనివారం బియ్యం సంచి కట్టుకుని కొండ దిగేటప్పుడు పక్కన నడవడానికి పిలవండి. మోకాలు నిజంగా నొస్తుంటే కింద బండి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు.